చప్పట్లలో కొట్టుకుపోయిన మాట

"కోటెందుకు వేసుకున్నావమ్మా?"

"నోటరీ దగ్గరికి ఇంటి గౌనుతో వెళ్తారటే?" అంది ఇనెస్సా అర్కాద్యెవ్నా, అద్దంలో చూసుకుంటూ మెడకి స్కార్ఫు చుట్టుకుంటూ. "లే. పాస్‌పోర్టు తీసుకో. మధ్యాహ్నం కాకముందే అక్కడుండాలి. మావయ్య కారు తెస్తున్నాడు."

విందయ్యాక రాత్రి భర్తతో ఇక్కడే ఉండిపోయిన వార్యా లేవలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తల్లి పుట్టినరోజు విందులో మిగిలిన సలాడ్‌ని గిన్నెలోంచే చెంచాతో తింటోంది.

"నేను సంతకం పెట్టడం లేదు."

ఇనెస్సా చేతులు స్కార్ఫు ముడి మీదే ఆగిపోయాయి.

చలికాలమంతా ఆ సంతకాల కోసమే తిరిగిందామె. తన రెండు గదుల ఫ్లాటూ, భర్త పోతూ కూతురి పేర రాసిన ఒంటిగది ఫ్లాటూ అమ్మేయాలి. పెర్మ్ ఊరి చివర కొత్తగా కట్టిన భవనంలో మూడు గదులు తీసుకోవాలి. కూతురూ, అల్లుడూ, తనూ ఒకే కప్పు కింద ఉండాలి. కొనేవాళ్ళు రెండూ కలిపే అడుగుతున్నారు. తల్లీకూతుళ్ళలో ఏ ఒక్కరు సంతకం పెట్టకపోయినా బేరం లేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"సెలీమ్ నిన్న చెప్పాడు కదమ్మా."

"ఏం చెప్పాడు?"

వార్యా చెంచా గిన్నెలో వదిలేసి తల్లి ముఖంలోకి చూసింది. ఆట పట్టిస్తోందా అని చూసింది. కాదని తెలిశాక ఇంకా ఎక్కువసేపు చూసింది.

"గ్లాసు పట్టుకుని లేచి నీ ఆరోగ్యం కోసం మాట్లాడాడు కదా. అప్పుడు."

"ఆ, అదా!" ఇనెస్సా నవ్వింది. "నాకెందుకు గుర్తుండదూ? మొత్తం గుర్తుంది."

నాటక కళాశాలలో ఉచ్చారణ నేర్పి రిటైరైన మనిషి ఆమె. ఊళ్ళో నటులకి ఇప్పటికీ ఆ చెవి అంటే హడల్. వేదిక మీద ఎవరైనా అక్షరం మింగితే మూడో వరసలో ఆమె కనుబొమ్మ లేస్తుంది. మింగినవాడు విరామంలో పారిపోతాడు.

"నీలం టై కట్టుకున్నాడు. 'ప్రియమైన ఇనెస్సా అర్కాద్యెవ్నా' అని నా పేరు ఎక్కడా తడబడకుండా అన్నాడు. నా దగ్గర చదువుకున్న రష్యన్లు కూడా అంత శుభ్రంగా అనరు. రెండో వాక్యంలో ఊనిక తప్పింది, ఒత్తాల్సిన చోట ఒత్తలేదు. నేను దిద్దాను. మళ్ళీ సరిగ్గా అన్నాడు. తర్వాత ఆ పొడుగాటి ఇంజనీరింగు మాట ఒకటుంది, అది నాకే నోరు తిరగదు. ఒక్క ఊపిరిలో లాగించేశాడు. మీ గ్లేబ్ మావయ్య బల్ల గుద్దాడు. అందరూ చప్పట్లు కొట్టారు."

"అవును. ఏమన్నాడు?"

"చెప్పాను కదా."

"ఎలా అన్నాడో చెప్పావు. ఏమన్నాడమ్మా?"

ఇనెస్సా నోరు తెరిచింది.

గొంతు వినబడుతోంది. ఎక్కడ ఊపిరి పీల్చాడో, ఎక్కడ నాలుక పళ్ళకి తగిలిందో అంతా వినబడుతోంది. బాణీ ఉంది. మాటలు లేవు.

నోరు మూసింది.

"వేసవిలో ఉత్తరానికి వెళ్తున్నానన్నాడు," అంది వార్యా. "ఓబ్ నది మీద వంతెన కడుతున్నారు. మూడేళ్ళ పని. తన కోసం నీ ఇల్లు అమ్ముకోవద్దని బతిమాలాడు. బల్ల చుట్టూ కూర్చున్న చుట్టాలందరి ముందూ. నువ్వు లేచి అటో ముద్దు, ఇటో ముద్దు పెట్టి, 'నా బంగారమే' అన్నావు."

ఫ్రిజ్ ఒకసారి దడదడలాడి ఆగింది.

"మీరు వెళ్ళిపోతున్నారన్నమాట."

వార్యా మళ్ళీ చెంచా అందుకుంది.

"నువ్వెందుకు చెప్పలేదు? నీకు నోరు లేదా?"

"తనే చెప్తానన్నాడు. 'ప్రతిదీ నువ్వే చెప్తే ఈ ఇంట్లో నాకు నోరున్నట్టా లేనట్టా' అన్నాడు. నేనేమనను?"

స్నానాల గది తలుపు చప్పుడైంది. సెలీమ్ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. టర్కీలోని ట్రాబ్‌జోన్‌లో పుట్టాడు. వంతెనల ఇంజనీరు. నది అవతలి గట్టున పని మొదలైనప్పుడు ఈ ఊరికి వచ్చి, వార్యాని చేసుకుని ఉండిపోయాడు. అత్తగారి కోటు చూశాడు, భార్య ముఖం చూశాడు. సంగతి తెలిసిపోయింది.

"శుభోదయం," అన్నాడు.

"శు-భో-ద-యం," అంది ఇనెస్సా, అలవాటు కొద్దీ.

ఇంకేదైనా అనేలోపే గంట మోగింది. వచ్చింది గ్లేబ్ అర్కాద్యెవిచ్. ఇనెస్సా తమ్ముడు. ఎక్కడికి వచ్చినా గొంతు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.

"సెలీమ్! మెర్హబా!"

అంతాల్యాలో రెండు వేసవులు హోటల్లో పడుకుని ఎండ కాచుకున్నాడు గ్లేబ్. అక్కడ సంపాదించిన టర్కిష్ మాట, ఆ పలకరింపు ఒక్కటే. కనిపించినప్పుడల్లా వాడతాడు. వాడి, ఎదురుచూస్తాడు.

"గ్లేబ్ అర్కాద్యెవిచ్, మీరు టర్కిష్ చాలా బాగా మాట్లాడుతున్నారు," అన్నాడు సెలీమ్.

"విన్నావా ఇనా!" గ్లేబ్ ముఖం వెలిగిపోయింది. బూట్లు విప్పి, ఇంట్లో వేసుకునే చెప్పులు తొడుక్కుని బల్ల దగ్గరికి వచ్చాడు. చెవిటివాడితో మాట్లాడినట్టు సెలీమ్ వైపు వంగి, గ్లాసు ఎత్తినట్టు చెయ్యి ఊపి చూపించాడు. "సెలీమ్! టీ! నువ్వు! తాగడం!"

"తాగాను. నాకు బాగా వినబడుతుంది."

"శభాష్! చూశావా ఇనా, 'వినబడుతుంది' అన్నాడు! మా ఆఫీసులో సగంమందికి ఆ మాట సరిగ్గా రాదు. అల్లుడంటే ఇలా ఉండాలి."

ఇనెస్సా తమ్ముణ్ణి చూసింది. ఇన్నాళ్ళూ అతను అలా అరుస్తుంటే, తను అతనిలా అరవదు కదా అనుకుని ఊరుకునేది.

"గ్లేబ్. నిన్న సెలీమ్ మాట్లాడాడు కదా. ఏం చెప్పాడు?"

"అద్భుతంగా చెప్పాడు!"

"ఏం చెప్పాడురా?"

"తల్లి గురించి. అంటే నీ గురించి. ఇంటి గురించి ఏదో అన్నాడు. వంతెన ఒకటి వచ్చింది మధ్యలో. మన మనసుల మధ్య వంతెన అని కాబోలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

"ఎక్కడికైనా వెళ్తానన్నాడా?"

"ఎవరు?"

వార్యా తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియలేదు.

ఇనెస్సా కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని సెలీమ్ ఎదురుగా కూర్చుంది. ఓడిపోయినట్టు కూర్చోలేదు. పరీక్ష పెట్టేవాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది.

"సెలీమ్," అంది ఒక్కో మాట విడదీసి. "ఇలాంటి కబురు, పుట్టినరోజు బల్ల దగ్గర, చెప్పరు. ఇంట్లో, ముగ్గురం ఉన్నప్పుడు, చెప్పాలి."

"చెప్పాను. ఈ వంటింట్లోనే. మార్చిలో ఆడవాళ్ళ పండగ అయిన మర్నాడు. మీరు పిండి కలుపుతున్నారు. 'వంతెన పని వచ్చింది, దూరం' అన్నాను. మీరు 'వంతెన' దిద్దారు. సరిగ్గా వచ్చేదాకా అనిపించారు. వచ్చాక జామ్ పెట్టారు."

గుర్తుంది. కోరిందపళ్ళ జామ్. ఆ మాట అతనికి వచ్చినందుకు ఆ రోజంతా సంతోషంగా ఉంది తనకి.

"గ్లేబ్ అర్కాద్యెవిచ్ కారులో కూడా చెప్పాను."

"నాకా?" అన్నాడు గ్లేబ్. "నాకు చెప్తే నేను వినకుండా ఉంటానా?"

"మీరు 'శభాష్' అన్నారు."

"మరి శభాషే కదా!"

"అందుకే గ్లాసు పట్టుకున్నాను," అన్నాడు సెలీమ్. "మీ ఇంట్లో ఒక మనిషి గ్లాసు పట్టుకుని లేస్తే, ఇంకెవరూ తినరు. తాగరు. చివరిదాకా ఆగుతారు. ఇక్కడ నోరు మూసుకుని వినేది అప్పుడొక్కటే అని చూశాను. అప్పుడు చెప్తే వింటారు అనుకున్నాను."

గ్లేబ్ సలాడ్ గిన్నె తన వైపు లాక్కుని, మళ్ళీ మెల్లగా తోసేశాడు.

"సరే," అంది ఇనెస్సా. "ఇప్పుడు చెప్పండి. వింటాను."

సెలీమ్ మొదలుపెట్టాడు. మూడో మాట దగ్గర ఊనిక జారింది. ఇనెస్సా చూపుడువేలు దానంతట అదే లేచింది.

సెలీమ్ ఆగిపోయాడు.

"చెయ్యి దించు, అమ్మా," అంది వార్యా.

ఇనెస్సా తన వేలిని తనే చూసుకుంది. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

"చెప్పండి."

"మీ ఇల్లు అమ్మవద్దు," అన్నాడు సెలీమ్. "ఇక్కడినుంచి నాటకాల థియేటర్‌కి నడిచి వెళ్తారు. మీ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇక్కడికి వస్తారు. జుట్టు తెల్లబడ్డవాళ్ళు కూడా వస్తారు, ఈ కుర్చీలో కూర్చుని మీ చేత తిట్లు తింటారు. ఊరి చివరికి ఎవరు వస్తారు? అక్కడ బస్సు ఇంకా లేదు. అక్కడ మూడు గదులు ఉంటాయి. మూడింటిలోనూ మీరే ఉంటారు. మేము వచ్చేదాకా కిటికీలోంచి చూస్తారు. మా కోసం ఇల్లు అమ్మి, మేము లేని ఇంట్లో ఉంటారు. అది నా వల్ల జరగకూడదు."

తప్పులు దొర్లాయి. ఇనెస్సా విన్నది తప్పుల్ని కాదు. మూడు గదుల్నీ విన్నది. బస్సు రాని వీధిని విన్నది. ఆ కిటికీ దగ్గర ఆడమనిషి ఒకతె నిలబడి ఉంది, ఆమె కోటు ఈ కోటే.

అప్పుడొచ్చింది కోపం.

"ఎవరడిగారు నిన్ను?" జేబుల్లోంచి చేతులు బయటికొచ్చాయి. "నేను కిటికీలో చూస్తానో, గోడలే చూస్తానో, నీకెవరు చెప్పారు? చలికాలమంతా మంచులో పడి ఆఫీసుల చుట్టూ తిరిగితే, నా కాలు జారితే, నువ్వే కదా వచ్చి లేపింది! అప్పుడు లేపినవాడివి, 'ఇనెస్సా అర్కాద్యెవ్నా, ఈ తిరుగుడు దేనికి' అని గట్టిగా ఒక్క మాట అనలేకపోయావా? గ్లాసు పట్టుకుని మర్యాదగా చెప్తావా? ఊరందరి ముందూ నన్ను వెర్రిదాన్ని చేస్తావా?"

"ఇనా, ఇనా!" గ్లేబ్ చేతులు ఊపాడు. "నెమ్మదిగా! అంత వేగంగా అంటే వాడికి అర్థం కాదు!"

"అవుతోంది," అన్నాడు సెలీమ్, అత్తగారి మీంచి చూపు తిప్పకుండా. "ఆపకండి."

"ఆపను! నీకేం తక్కువ చేశాను? వీధిలో వాళ్ళంతా నిన్ను మెచ్చుకుంటుంటే నేను తల ఎత్తుకుని నడిచాను. మా అల్లుడి రష్యన్ వినండి అని పిలిచి మరీ వినిపించాను!"

"వినిపించారు!" సెలీమ్ గొంతు కూడా లేచింది. ఈ ఇంట్లో ఆ గొంతు లేవడం అదే మొదలు. "పక్షిని వినిపించినట్టు వినిపించారు! టై కట్టుకుని వార్యాతో బజారుకి వెళ్తే 'ఎంత బాగా మాట్లాడుతున్నావయ్యా' అంటారు. పని బట్టలతో ఒక్కడినీ వెళ్తే 'మనిషిలా మాట్లాడు, కాగితాలు చూపించు' అంటారు. రెండుసార్లూ నేను మాట్లాడింది ఒకే భాష. రెండుసార్లూ అడిగింది దోసకాయలు ఎంత అని. ఎంతో ఎవరూ చెప్పలేదు!"

గ్లేబ్ పకపకా నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి నవ్వు మధ్యలో ఆపేశాడు.

"మార్కెట్లో వాళ్ళతో నన్ను కలుపుతావా?"

"మీరు వేరు అనుకున్నాను! ఇంకా అనుకుంటున్నాను! లేకపోతే ఎందుకు అరుస్తాను?"

"అరవడం బాగానే వచ్చు నీకు!"

"మీ దగ్గరే నేర్చుకున్నాను!"

ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ఇనెస్సా స్కార్ఫు ఊడదీసి బల్ల మీద పడేసింది. ఆ అరుపుల్లో మొదటి నుంచి చివరిదాకా ఎవరూ ఎవర్నీ దిద్దలేదు. దిద్దే తీరిక లేదు.

ఫోను మోగింది. ఇళ్ళ బేరం కుదిర్చిన ఏజెంటు. ఇనెస్సా స్పీకరు నొక్కింది.

"ఇనెస్సా అర్కాద్యెవ్నా, బయల్దేరారా? కొనేవాళ్ళు వచ్చేశారు. మీ ఇద్దరిదే ఆలస్యం."

ఇనెస్సా ఫోను బల్ల మీద సెలీమ్ వైపు జరిపింది.

"చెప్పు. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు."

సెలీమ్ గొంతు సవరించుకున్నాడు. "నమస్కారం. నేను అల్లుడిని. నా భార్య వార్వారా ఈరోజు సంతకం పెట్టదు. ఒంటిగది ఫ్లాటు అమ్మకానికి లేదు. ఇనెస్సా అర్కాద్యెవ్నా ఇంటి సంగతి ఆమె ఇష్టం. వాళ్ళకి క్షమించమని చెప్పండి."

"అయ్యో, ఎంత ముద్దుగా మాట్లాడుతున్నారండీ!" అంది ఫోనులో గొంతు. "మీది ఏ దేశం? ఇటలీయా? ఎన్నాళ్ళయింది నేర్చుకుని? మన భాష ఎంత కష్టమో కదా! అయితే పన్నెండుకల్లా వచ్చేస్తున్నట్టే కదా?"

గ్లేబ్ నోట్లో పెట్టుకోబోయిన రొట్టె ముక్క అక్కడే ఆగింది. అతను ఫోనుని చూశాడు, సెలీమ్‌ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఇనెస్సా ఫోను మీదికి వంగింది. నాటక కళాశాల చివరి వరసదాకా వెళ్ళే గొంతు అది.

"అమ్మాయ్, ఆయన ఏం చెప్పారు?"

"ఆయన... చాలా చక్కగా..."

"ఏం చెప్పారని అడిగాను."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"మేము రావడం లేదు. మా అల్లుడు ఆ సంగతే చెప్పాడు. రష్యన్‌లోనే చెప్పాడు." ఫోను పెట్టేసింది.

"పోయింది బేరం," అన్నాడు గ్లేబ్.

"పోలేదు. నేను పోగొట్టాను." ఇనెస్సా అప్పుడు విప్పింది కోటు. కుర్చీ వెనక వేసి, చొక్కా చేతులు పైకి మడత పెట్టింది. "ఇల్లు నాది, అమ్మాలో వద్దో నేను చూసుకుంటాను. దాంతో అంతా అయిపోయిందనుకోకు సెలీమ్. నేనింకా దేనికీ ఒప్పుకోలేదు. కూర్చో. ఒక్కొక్కటే చెప్పు. ఆ ఓబ్ ఒడ్డున ఎక్కడుంటారు?"

"కంపెనీ ఇల్లు ఇస్తుంది. సలేఖార్డ్‌లో. రెండు గదులు. వేడి బాగా ఉంటుందంట."

"ఆస్పత్రి ఉందా?"

"ఉంది. చూశాను."

"సెలవులు?"

"కొత్త సంవత్సరానికి, వేసవికి. వస్తాను."

"వార్యా ఇక్కడి బొమ్మలాట థియేటర్‌లో ఉద్యోగం వదిలేస్తుందా? ఈ ఏడాది కొత్త నాటకానికి బొమ్మలన్నీ అది చేసినవే. అక్కడ ఏం చేస్తుంది?"

సెలీమ్ భుజం మీది తువ్వాలు తీసి నెమ్మదిగా మడత పెట్టసాగాడు.

"మాట దొరకట్లేదేమో," అన్నాడు గ్లేబ్, సాయపడదామని. "సెలీమ్, ఉద్యోగమా? వార్యాకి ఉద్యోగం అనాలా?"

ఇనెస్సా తమ్ముడి మోచేతి మీద చెయ్యి వేసి నొక్కింది. మాట కోసం వెతుక్కునేటప్పుడు సెలీమ్ కళ్ళు పైకప్పు వైపు పోతాయి. అది ఆమెకి తెలుసు. ఇప్పుడు పైకప్పు వైపు పోలేదు. వార్యా వైపు పోయాయి.

"నేను అడిగాను," అన్నాడు చివరికి. "నదిలో మంచు కదలకముందు అడిగాను. 'తర్వాత చెప్తా' అంది. మళ్ళీ అడిగాను. 'ముందు అమ్మకి చెప్పు' అంది. చెప్పాను."

"నిన్న 'మేము' అన్నావా, 'నేను' అన్నావా?" అన్నాడు గ్లేబ్.

"'నేను' అన్నాను. నాకు తెలిసినంతే అన్నాను."

ఇనెస్సా కూతురి వైపు తిరిగింది. సెలీమ్ చెప్పాడు కదా. సెలీమ్ వెళ్తానన్నాడు. సెలీమ్ బతిమాలాడు. పొద్దుటి నుంచి వార్యా నోట వచ్చినవి అవే. సంతకం పెట్టనంది. బయల్దేరతానని మాత్రం అనలేదు. చలికాలం నుంచీ ఇంట్లో అందరూ ఒకరి నాలుక మీదే చెవి పెట్టుకు కూర్చున్నారు. రెండో మనిషి నోరు విప్పలేదని ఎవరికీ తోచలేదు.

"వార్యా."

వార్యా గిన్నె అంచు పట్టుకుంది.

"నువ్వు వెళ్తున్నావా?"

తొమ్మిదో నెలకే మాటలొచ్చిన పిల్ల. మూడేళ్ళకి పద్యాలు తప్పు లేకుండా అప్పజెప్పి, కుర్చీ మీద నిలబడి చప్పట్లు కొట్టించుకున్న పిల్ల. ఇప్పుడు పెదవులు కదిలాయి, మాట రాలేదు. తల్లిని చూసింది, మావయ్యని చూసింది. సెలీమ్‌ని చూడలేదు.

సెలీమ్ ఆమె ముందుకి వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆగాడు.

ఎవరూ ఆమెకి మాట అందించలేదు.